పూర్వపక్షంలో మిగిలినవాళ్ళు

"గ్రీకులు ఆలోచించారు, మనవాళ్ళు వ్యాఖ్యానించారు" అనే మాట మన సభల్లో తరచుగా వినబడుతూ ఉంటుంది. అనేవాళ్ళు దురుద్దేశంతో అనరు. సంస్కృత పాండిత్యం పేరుతో తరతరాలుగా సాగిన పెత్తనం మీద వాళ్ళకున్న కోపం న్యాయమైనదే. వాళ్ళకెదురుగా ఇంకో వర్గం ఉంది. "మన భాష్యాల్లో లేనిదేముంది?" అని అడిగేవాళ్ళు. ఆ ఉత్సాహం వెనక ఉన్న రాజకీయం ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు గనుక దాన్నిక్కడ విప్పి చెప్పను. ఈ ఇద్దరూ ఒకరికొకరు బద్ధశత్రువులమని అనుకుంటున్నారు. కాని ఒక్క విషయంలో ఇద్దరూ సమానులే. ఇద్దరూ భాష్యాలు చదవలేదు.

వ్యాఖ్యానమంటే మన సాహిత్య విద్యార్థులకు గుర్తొచ్చేది ప్రతిపదార్థం, తాత్పర్యం. లేదా మల్లినాథసూరి. మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కలం పట్టిన ఆ కొలచెలమవారి పండితుడి వినయం గొప్పదే. అయితే దర్శన గ్రంథాల వ్యాఖ్యాతలకు ఆ వినయం పైచొక్కా మాత్రమే. లోపల జరిగేది వేరు. ఆ జరిగేది ఏమిటో తెలియాలంటే మన సంప్రదాయాన్ని ఒక్కదాన్నే చూస్తే చాలదు. పక్కన ఇంకోదాన్ని పెట్టి చూడాలి. గ్రీకుల్ని పక్కన పెట్టడం ఎందుకంటే, పైన చెప్పిన మాట అబద్ధమని ముందు వాళ్ళే నిరూపిస్తారు గనుక.

క్రీ.పూ. మొదటి శతాబ్దంలో రోడ్స్ ద్వీపవాసి ఆండ్రోనికస్ అరిస్టాటిల్ రచనల్ని పరిష్కరించి ఒక క్రమంలో పెట్టాడంటారు. అప్పటినుంచి క్రీ.శ. ఆరో శతాబ్దం దాకా గ్రీకు తత్త్వశాస్త్రం చాలావరకు వ్యాఖ్యాన రూపంలోనే నడిచింది. క్రీ.శ. 200 ప్రాంతంలో అఫ్రోడిసియాస్ పట్టణానికి చెందిన అలెగ్జాండర్, తర్వాత పోర్ఫిరీ, ఏథెన్సులో ప్రోక్లస్ (412–485), అలెగ్జాండ్రియాలో అమోనియస్, ఆయన శిష్యులు సింప్లిసియస్, ఫిలోపోనస్. వీళ్ళందరి వృత్తీ గ్రంథం ముందు పెట్టుకుని పాఠం చెప్పడమే. అరిస్టాటిల్ మీద గ్రీకు వ్యాఖ్యానాలను బెర్లిన్ అకాడమీ 1882 నుంచి 1909 దాకా 23 సంపుటాలుగా అచ్చువేసింది. అది సుమారు 15 వేల పేజీల వాఙ్మయం. 1987లో మొదలైన ఇంగ్లీషు అనువాదాల వరస వంద సంపుటాలు దాటింది. ఎవరికీ రుణపడని స్వతంత్ర ఆలోచనాపరుడని మనవాళ్ళు మెచ్చుకునే ప్లోటినస్ కూడా తానేమీ కొత్త చెప్పడం లేదనీ, పూర్వులు చెప్పినదాన్ని విప్పుతున్నాననీ రాసుకున్నాడు. ఈ మాట శంకరుడి నోట పెట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు.

కాబట్టి వ్యాఖ్యానం చెయ్యడం ఒక జాతి లక్షణం కాదు. పుస్తకం అరుదుగా దొరికే కాలంలో, గురువు ముందు కూర్చుని నేర్చుకునే సమాజంలో, చదువు తీసుకునే రూపం అది. అలెగ్జాండ్రియాలో కోమ్ ఎల్-దిక్క దగ్గర పోలిష్ పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి తీసిన పాఠశాల గదులు సుమారు 20 ఉన్నాయి. గోడల వెంట గుర్రపు నాడా ఆకారంలో రాతిమెట్లు, మధ్యలో గురువుకు ఎత్తయిన పీఠం. మనకు దక్కిన వ్యాఖ్యానాల్లో కొన్ని అలాంటి మెట్లమీద కూర్చున్న విద్యార్థులు గురువు చెబుతుండగా రాసుకున్న నోట్సే. అమోనియస్ పాఠాల్ని అస్క్లేపియస్ అనే శిష్యుడు అలాగే రాశాడు. "గురువుగారి నోటినుండి" అని పేరులోనే చెప్పుకున్నాడు.

పాఠం మొదలుపెట్టే పద్ధతిలో కూడా పోలికలున్నాయి. మనవాళ్ళు అనుబంధచతుష్టయం అన్నారు: ఈ గ్రంథానికి విషయమేమిటి, ప్రయోజనమేమిటి, రెంటికీ సంబంధమేమిటి, చదవటానికి అధికారి ఎవరు. అలెగ్జాండ్రియా గురువులూ ఇలాంటి ప్రశ్నల పట్టికతోనే మొదలుపెట్టేవారు. గ్రంథం లక్ష్యం, ఉపయోగం, ఏ గ్రంథం తర్వాత చదవాలి, ఆ పేరెందుకు వచ్చింది, నిజంగా ఆ రచయితదేనా. ఈ చివరి ప్రశ్న మన పట్టికలో లేదు. అది చిన్న తేడా కాదు. వేదం అపౌరుషేయమన్న చోట 'రాసిందెవరు?' అన్న ప్రశ్నకే తావు లేదు. గ్రీకుల పట్టికలో ఇంకో ప్రశ్న నన్ను ఎక్కువగా ఆకర్షించింది: అరిస్టాటిల్ ఇంత అస్పష్టంగా ఎందుకు రాశాడు? అమోనియస్ చెప్పిన సమాధానం ఏమంటే, గుడిలో తెరలు ఎందుకు కడతారో అందుకే. అనర్హుల కంట పడకుండా.

తెర కట్టడంలో ఇద్దరూ ఒకటే. తెరకు ఇవతల ఎవరిని నిలబెట్టారన్న చోటే దారులు వేరవుతాయి. అమోనియస్ బడిలో విద్యార్థికి ఉండవలసింది శీలం, ఓపిక. మన వేదాంతంలో వాటితోపాటు పుట్టుక కూడా.

ఈ సంగతి నిలబెట్టి చూపించే చోటు బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో ఉంది. అపశూద్రాధికరణం అంటారు. మన విద్యార్థులు వేదాంతమంతా చదవకపోయినా ఈ కొద్ది పేజీలు చదివితీరాలని నేనంటాను. చిక్కు ఛాందోగ్యంలో ఉంది. జానశ్రుతి అనే దాత గోవుల్నీ, బంగారు హారాన్నీ, రథాన్నీ తీసుకుని బండి కింద కూర్చుని గజ్జి గోక్కుంటున్న రైక్వుడి దగ్గరకు విద్య కోసం పోతాడు. రైక్వుడు అతన్ని "శూద్రుడా" అని సంబోధించి వెనక్కు పంపుతాడు. రెండోసారి జానశ్రుతి ఇంకా ఎక్కువ కానుకలతో, తన కూతురితో సహా వస్తాడు. మళ్ళీ అదే సంబోధన. కాని ఈసారి విద్య చెబుతాడు. అంటే ఏమైంది? శూద్రుడని ఉపనిషత్తే పిలిచినవాడికి బ్రహ్మవిద్య అందింది. ఇక భాష్యకారులకు చెమటలు పట్టాయి. 'శూద్ర' అంటే కులం కాదట. 'శుక్', అంటే దుఃఖం, అనే మాటనుంచి వచ్చిందట. అతను దుఃఖం వైపు పరుగెత్తాడు, లేదా దుఃఖమే అతని మీదికి పరుగెత్తింది, లేదా దుఃఖంతో రైక్వుడి దగ్గరకు పరుగెత్తాడు. ఒక్క మాటకు శంకరుడు మూడు వ్యుత్పత్తులు ఇస్తాడు. ఒకటి చాలదని ఆయనకే అనిపించి ఉండాలి. పైగా జానశ్రుతి సారథిని పంపించాడు గనుక క్షత్రియుడేనని ఊహ. వేదం వింటే చెవుల్లో సీసం పొయ్యాలన్న స్మృతి వాక్యం కూడా ఈ చర్చలోనే ప్రమాణంగా దిగుతుంది.

ఇదే సూత్రాలకు రామానుజుడు భాష్యం రాశాడు. ఆయన శంకరుడితో ఏకీభవించే చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. జగత్తు నిజమా కాదా, జీవుడూ బ్రహ్మమూ ఒకటా రెండా, మోక్షానికి జ్ఞానమా భక్తా అన్నింట్లోనూ తగాదానే. సూత్రాల సంఖ్య మీద కూడా ఒప్పుకోరు. శంకరుడికి 555, రామానుజుడికి 545. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకటి. ఒకటి కావడమే కాదు, రామానుజుడు ఈ అధికరణాన్ని శంకర మతం మీద ఆయుధంగా తిప్పుతాడు. వాక్యం విని అర్థం చేసుకుంటే చాలు, ముక్తి వస్తుందనే మీ సిద్ధాంతం ప్రకారం శూద్రుణ్ణి ఆపడానికి మీ దగ్గర కారణమే లేదు, కాబట్టి మీ సిద్ధాంతం తప్పు అంటాడు. ఎంత నిశితమైన తర్కం! ఎంత ఘోరమైన ముగింపు! తర్కం అద్వైతులకు తలుపు తెరిచి చూపించింది. వాళ్ళు లోపలికి రానివ్వలేదు. రామానుజుడు ఆ తలుపునే నేరంగా చూపించాడు. మార్క్సిస్టు విమర్శకుడు వర్గప్రయోజనం సిద్ధాంతాన్ని ఎలా వంచుతుందో చెప్పాలంటే యూరపు దాకా పోనక్కరలేదు.

అయితే ఈ అధికరణంలో ఇంకో విషయం ఉంది. అది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. సిద్ధాంతం చెప్పేముందు భాష్యకారుడు పూర్వపక్షం చెప్పాలి. శంకరుడు చెప్పాడు. శూద్రుడికీ కోరిక ఉంది, సామర్థ్యం ఉంది. యజ్ఞం చెయ్యొద్దన్నట్టు జ్ఞానం పొందొద్దని నిషేధం ఎక్కడుంది? అగ్నిహోత్రం లేనంతమాత్రాన తెలుసుకోవటానికి అడ్డేమిటి? విదురుడి మాటేమిటి? ఇవి బల్లముందు కూర్చుని కల్పించిన ప్రశ్నల్లా నాకు కనబడవు. ఎవరో, ఎక్కడో, నిజంగా అడిగినట్టున్నాయి. అడగకపోతే సూత్రకారుడు ఐదు సూత్రాలు ఖర్చుపెట్టడు. సమాధానాల్ని రాజులూ మఠాలూ భద్రపరిచాయి. ప్రశ్న భద్రమైంది మాత్రం సమాధానం చెప్పినవాడి పుస్తకంలోనే.

గ్రీకుల్లో దీనికి సాటి చోటు కోసం వెతికాను. బానిసత్వం ప్రకృతిసిద్ధమని అరిస్టాటిల్ 'రాజనీతి' గ్రంథం మొదటి భాగంలో వాదించాడు. ఆ గ్రంథం మీద ప్రాచీన కాలపు గ్రీకు వ్యాఖ్యానం ఒక్కటీ దక్కలేదు. తర్కం మీద వేల పేజీలు, ఆకాశం మీద వేల పేజీలు, బానిస మీద మౌనం. మన భాష్యకారులకు పట్టిన చెమట ఆ ప్రొఫెసర్లకు పట్టలేదు. దీన్ని గ్రీకుల ఉదారత అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

కాకపోతే ఒక వింత. తిరోగామి రాతల మధ్య సింప్లిసియస్ ఎపిక్టెటస్ చేతిపుస్తకం మీద పెద్ద వ్యాఖ్యానం రాశాడు. ఎపిక్టెటస్ ఫ్రిజియాలో బానిసగా పుట్టినవాడు. బానిస రాతకు (నిజానికి శిష్యుడు రాసి పెట్టిన మాటలకు) ఏథెన్సు పండితుడు ప్లేటోతో సమానంగా కూర్చుని అర్థం చెప్పాడు. మనకూ ఇలాంటిదే ఉంది. తిరుక్కురుకూరులో వెల్లాల కుటుంబంలో పుట్టిన నమ్మాళ్వారు తమిళంలో పాడిన తిరువాయ్‌మొళికి మొదటి వ్యాఖ్యానం రాసింది రామానుజుడి శిష్యుడు పిళ్ళాన్. గురువుగారి ఆదేశం మీదే రాశాడని సంప్రదాయం. శ్రీభాష్యంలో శూద్రుడికి తలుపు మూసిన చెయ్యే ఇక్కడ శూద్రుడి పాటను వేదమని తలకెత్తుకుంది. ఈ వైరుధ్యాన్ని 'సమన్వయం' అని తప్పించుకోకూడదు. దేవాలయం జనంలోకి విస్తరించాల్సి వచ్చింది, దానికి జనం భాషలో పాట కావాలి. గురుకులం మాత్రం విస్తరించనక్కరలేదు. రెండు సంస్థలు, రెండు అవసరాలు, ఒకే ఆచార్యుడు. ఎపిక్టెటస్ విషయంలోనూ మురిసిపోవడానికి పెద్దగా లేదు. సంకెళ్ళు అలాగే ఉండనీ, మనసు స్వేచ్ఛగా ఉంటే చాలు అని చెప్పే బానిసను చదవటానికి యజమానులకేం ఇబ్బంది?

ఇక రెండు సంప్రదాయాలూ ప్రత్యర్థిని ఎలా చూశాయన్నది. ఇక్కడ తేడా స్పష్టంగా ఉంది. చివరి కాలపు గ్రీకు వ్యాఖ్యాతల పెద్ద కోరిక ప్లేటోనీ అరిస్టాటిల్‌నీ కలపడం. మంచి వ్యాఖ్యాత ఎలా ఉండాలో సింప్లిసియస్ చెబుతూ, అరిస్టాటిల్ ముఠాలో పేరు రాయించుకున్నవాడిలా ఆయనెక్కడా తప్పడని వాదించకూడదంటాడు. ఎంతో బాగుంది. మన పత్రికల్లో మార్క్సు వాక్యాలను మంత్రాల్లా వల్లించే మిత్రులకు ఈ మాట చదివి వినిపించాలి. కాని అదే ఊపులో, అక్షరాల్లో వైరుధ్యం కనబడినా భావంలో ఇద్దరూ ఒకటేనని గ్రహించాలంటాడు. ప్రోక్లస్‌కైతే ఇంకా కష్టమైన బంధుత్వాలు కలపాల్సి వచ్చింది. ప్లేటో కవుల్ని రాజ్యంలోంచి వెళ్ళగొట్టాడు గదా. ప్రోక్లస్‌కు ప్లేటో దేవుడు, హోమరూ దేవుడే. ఇద్దర్నీ రక్షించటానికి ఆయన హోమరు కథలన్నీ గూఢార్థాలని పొడుగాటి వ్యాసం రాసి, చివర శిష్యులతో, ఇవి మీతో చెప్పదగినవే గాని మీరు జనంతో చెప్పదగినవి కావని హెచ్చరించాడు. కవిత్వాన్ని కాపాడటానికి కవిత్వాన్ని జనానికి దూరం చేసిన విమర్శకుడు! మనకు అలాంటివాళ్ళు తెలియనివాళ్ళా?

మనవాళ్ళు ఈ సామరస్యం జోలికి పెద్దగా పోలేదు. వాచస్పతిమిశ్రుడు న్యాయానికీ, సాంఖ్యానికీ, యోగానికీ, మీమాంసకూ, అద్వైతానికీ వ్యాఖ్యానాలు రాశాడు. ఏ దర్శనంలో కూర్చుంటే ఆ దర్శనం మాటే మాట్లాడాడు. న్యాయంలో సాంఖ్యాన్ని ఖండించాడు, సాంఖ్యంలో న్యాయాన్ని కాదన్నాడు. వకీలు పని అని కొందరు తీసిపారేస్తారు. నేనలా అనుకోను. తేడాలను తేడాలుగా ఉంచడం, కలపకుండా ఉండటం, ఆలోచనకు ఆరోగ్యం. న్యాయశాస్త్రం పెరిగిన తీరే సాక్ష్యం. గౌతముడి సూత్రాలకు వాత్స్యాయనుడు భాష్యం రాశాడు. బౌద్ధుడు దిఙ్నాగుడు దాన్ని చీల్చి చెండాడాడు. ఉద్ద్యోతకరుడు వార్తికంతో దిఙ్నాగుడికి జవాబు చెప్పాడు. వార్తికమంటే మూలంలో చెప్పినదీ, చెప్పనిదీ, తప్పుగా చెప్పినదీ విచారించాలని నిర్వచనం. తప్పుగా చెప్పిందని ఒప్పుకోవడం నిర్వచనంలోనే ఉంది, గమనించండి. తర్వాత ధర్మకీర్తి బౌద్ధం వైపునుంచి, వాచస్పతి, ఉదయనుడు ఇటునుంచి. ఐదారువందల ఏళ్ళ తగాదా. బౌద్ధం దేశంలో సన్నగిల్లాక ఆ పదును వేరే దారుల్లో పోయింది. 1500 ప్రాంతంలో నవద్వీపపు రఘునాథ శిరోమణి గంగేశుడికి వ్యాఖ్య రాస్తూనే, వైశేషికుల పదార్థాలు చాలావాటిని చెల్లవని కొట్టేశాడు.

గ్రీకుల్లో ఈ కోవకు చెందినవాడు ఫిలోపోనస్. విసిరిన రాయిని గాలి వెనకనుంచి నెడుతుందని అరిస్టాటిల్ అన్నాడు. కాదు, విసిరినవాడే రాయికి శక్తినిస్తాడని ఫిలోపోనస్ అన్నాడు. బరువునుబట్టి పడే వేగం పెరుగుతుందన్న మాటనూ కాదన్నాడు. ఒకే ఎత్తునుంచి బాగా తేడా ఉన్న రెండు బరువుల్ని వదిలి చూడండి, కాలంలో తేడా ఏమంత ఉండదన్నాడు. ఇదంతా అరిస్టాటిల్ భౌతికశాస్త్రానికి రాసిన వ్యాఖ్యానంలో, ఆరో శతాబ్దంలో. పదకొండు వందల ఏళ్ళ తర్వాత గెలీలియో ఆయన పేరు తలుచుకున్నాడు. ఫిలోపోనస్ క్రైస్తవుడు. లోకం అనాది కాదు, సృష్టి అని నిరూపించాలని 529లో ప్రోక్లస్ మీద ఖండన గ్రంథం రాశాడు. మతం కోసం బయలుదేరినవాడు భౌతికశాస్త్రాన్ని ముందుకు తోశాడు. అన్యమతస్థుడైన సింప్లిసియస్ ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఎవరు అభివృద్ధి పక్షం, ఎవరు కాదు అని చీటీలు అంటించే అలవాటున్నవాళ్ళు ఈ ఇద్దరి దగ్గర కాస్త ఆగాలి.

సింప్లిసియస్ సంగతి వచ్చింది గనుక. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్సులో తత్త్వబోధను నిషేధించాడు. సింప్లిసియస్‌తో సహా ఏడుగురు పర్షియా రాజు ఖుస్రో దగ్గరకు పోయారు. 532 సంధి తర్వాత వెనక్కు వచ్చారు. ఆ తర్వాత ఆయన రాసిన భౌతికశాస్త్ర వ్యాఖ్యానంలో, పుస్తకం దొరకడం అరుదైపోయిందని చెప్పి, అప్పటికి వెయ్యేళ్ళ పాతవైన పార్మెనిడిస్ పద్యాల్ని వరసగా ఎత్తి రాశాడు. ఈ రోజు పార్మెనిడిస్ అంటూ మనం చదివేదాంట్లో పెద్ద భాగం ఆయన పెట్టిన భిక్ష. పాఠం వినే విద్యార్థులు కూడా మిగలని కాలంలో రాసిన వ్యాఖ్యానం అది.

అందరికీ ఈ భిక్ష దొరకలేదు. మార్కస్ ఆరేలియస్ 176లో ఏథెన్సులో నాలుగు మతాలకు ప్రభుత్వ పీఠాలు పెట్టినప్పుడు ఎపిక్యురస్ మతానికీ ఒకటిచ్చాడు. రెండు శతాబ్దాలు తిరగకముందే జూలియన్ చక్రవర్తి, ఎపిక్యురస్ పుస్తకాలు చాలావరకు నశించడం దేవతల దయ అని రాశాడు. ఆయన క్రైస్తవుడు కాదు, పాత దేవతల భక్తుడు. పరమాణువాది డెమోక్రిటస్ పుస్తకాలన్నీ పోయాయి. ఈ ముక్కల్ని ఏరి, ప్లూటార్కు తిట్లలోంచీ, అరిస్టాటిల్ వ్యాఖ్యాతల ఉటంకింపుల్లోంచీ డెమోక్రిటస్‌కూ ఎపిక్యురస్‌కూ తేడా పట్టుకుని ఒక జర్మన్ యువకుడు 1841లో యేనా విశ్వవిద్యాలయానికి డాక్టరేటు వ్యాసం సమర్పించాడు. ఆ యువకుడి పేరు కార్ల్ మార్క్స్. వ్యాఖ్యానాలు చదవటం పండితుల కాలక్షేపమనే మిత్రులు ఆ వ్యాసం అధోజ్ఞాపికల్ని ఒకసారి తిరగేయాలి.

మన చార్వాకులదీ అదే గతి. వాళ్ళ సూత్రాలు పోయాయి. శాంతరక్షితుడు, జయంతభట్టు, మాధవాచార్యుడు ఖండించటానికి ఎత్తి చూపిన మాటలే మిగిలాయి. లోకాయతులంటే తిని తాగి పడుండమన్న మూర్ఖులని మనకు నేర్పింది ఈ శత్రువుల్లో చివరివాళ్ళు. కొంత పాతవాళ్ళను చదివితే వేరే బొమ్మ కనబడుతుంది. అనుమానాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ నమ్మరాదు అని పురందరుడు జాగ్రత్తగా విడదీశాడు. జయరాశిభట్టు 'తత్త్వోపప్లవసింహం' తాళపత్రం 1926లో పాటన్ జైన భాండారంలో దొరికింది. 1940లో బరోడాలో అచ్చయింది. ప్రమాణాలన్నిటినీ కూలగొట్టిన ఆ పుస్తకాన్ని కాపాడింది దాన్ని ఒక్క ముక్కా ఒప్పుకోని జైనులు.

చార్వాకులకూ వ్యాఖ్యాతలున్నారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. కంబళాశ్వతరుడు, అవిద్ధకర్ణుడు, పురందరుడు, భట్టోద్భటుడు. అంటే భౌతికవాదులకూ ఒక బడి ఉంది, సూత్రం చదివి అర్థం చెప్పే గురువులున్నారు, ఆ అర్థం మీద తగాదాలున్నాయి. ఉద్భటుడి తగాదా వినండి. నాలుగు భూతాలనుంచి చైతన్యం కలుగుతుందన్నది చార్వాక మూలసూత్రం. అందులో 'వాటినుంచి' అనే సర్వనామం పంచమీ విభక్తి. సంస్కృతంలో బహువచనంలో పంచమికీ చతుర్థికీ రూపం ఒకటే. ఉద్భటుడు దాన్ని చతుర్థి అన్నాడు. 'భూతాలనుంచి' కాదు, 'భూతాల కొరకు' చైతన్యం అని అర్థం చెప్పాడు. ఒక్క విభక్తి మార్చి దర్శనం మొత్తాన్ని ఇంకో వైపు తిప్పాడు. చైతన్యం ఇక శరీరంలోంచి పుట్టనక్కరలేదు, దానికి ఉపయోగపడితే చాలు. లోపలినుంచే కోట తలుపు తీశాడా, లేక కొత్త భౌతికవాదమేదో ఆలోచించాడా అన్నది తేల్చాలంటే ఆయన పుస్తకం కావాలి. పుస్తకం లేదు. ఈ ముక్క కూడా జయంతుడి న్యాయమంజరికి చక్రధరుడు రాసిన టిప్పణిలో ఉంది. అది అచ్చయింది 1972లో, అహమ్మదాబాదులో.